లోంగ్ అవ్వ ఆయుష్షు పెట్టె

మా ఊరు యున్‌షీలో ఏది పాతదో ఏది కొత్తదో తెలిసినవాణ్ని నేనే, ఎందుకంటే పాతవన్నీ నేనే చేశాను. టూరిజం కంపెనీ అడగడం ఆలస్యం, కొత్త చెక్కకు పొగబెట్టి, గొలుసులతో బాది, మేకుతో పురుగు బొక్కలు పొడిచి మింగ్ రాజుల కాలంనాటి తలుపు చేతిలో పెడతాను. పట్నం జనం దాన్ని నిమిరి నిట్టూరుస్తారు.

నిజంగా పాతది లోంగ్ అవ్వ ఇల్లు ఒక్కటే. అందులో వసారాలో ఆవిడ ఆయుష్షు పెట్టె ఉంటుంది. బతికుండగానే చేయించి పెట్టుకునే శవపేటికకు మావైపు ఆ పేరు. ఆవిడ మొగుడు కొండ మీద దేవదారు కొట్టి, స్వయంగా చేశాడు. ఏటా అవ్వ దానికి చెట్టుపాలతో నల్లటి పూత వేస్తుంది.

ఒకరోజు కంపెనీ మేనేజర్ షూ వచ్చాడు. పెట్టె మీద ఆరబోసిన మిరపకాయలను తెగ ఫోటోలు తీశాడు. వాటి కింద ఏముందో వంగి చూడలేదు కానీ, పెట్టెను రక్షిత వస్తువని ప్రకటించేశాడు.

"అవ్వా, ఇది ఇక మీది కాదు, మానవజాతిది."

"మానవజాతంతా ఇందులో పట్టదు నాయనా. నేనొక్కదాన్నైతే సరిపోతాను."

"మీకు అచ్చం ఇలాంటిదే చేయించి ఇస్తాంగా."

ఆ పని నాకే వచ్చింది. సాయంత్రం అవ్వ నా కొట్టానికొచ్చి చెక్క దుంగ మీద కూర్చుంది.

"ఆయన్ని ఏరు తీసుకుపోయిందిరా. పెట్టె మాట దేవుడెరుగు, మనిషే దొరకలేదు. ఆయన చేసిన దాంట్లో నేనైనా పడుకుందామనుకున్నా."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ఏడు పూత కాస్త ముందే వేసెయ్ అవ్వా. బాగా మెరిసేట్టు," అన్నాను.

నేను చేసే పెట్టెకు మాత్రం తెలిసిన విద్యంతా ధారపోశాను. పొగ, బొక్కలు, ఎలుక కొరికిన మూల కూడా. రెండూ వసారాలో పక్కపక్కనే పెట్టాం. షూ 'రక్షిత వస్తువు' అని చెక్కిన ఇత్తడి బిళ్ల పట్టుకొచ్చి, నేను చేసినదాని బొక్కలో వేలు పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"ఇందులో కాలం ఊపిరి పీలుస్తోంది," అన్నాడు. పీల్చేది నేను మొన్న పెట్టిన రంపపుపొట్టు పొగ.

తరవాత అవ్వ పెట్టె వైపు తిరిగి మొహం చిట్లించాడు. "ఇదేంటయ్యా ఇంత కొత్తగా ఉంది? పాతగా కనిపించేట్టు చేయాలని తెలీదూ?"

"ఎన్నిసార్లు చెప్పినా వీడికి పని రాదండీ. నేను దీంతోనే సర్దుకుంటాలెండి," అంది అవ్వ.

బిళ్ల నా పెట్టెకు బిగించారు.

వసంతంలో, సెలవుల రద్దీలో అవ్వ పోయింది. సందర్శకుల మనసు పాడవుతుందని కంపెనీ మమ్మల్ని వెనక సందు గుండా వెళ్లమంది. వసారాలో ఒకావిడ నేను చేసిన పెట్టె ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"దీనిలో పడుకోవాల్సిన మనిషి ఎవరో పాపం," అని గైడుని అడిగింది.

"ఎవరికి తెలుసండీ, ఎప్పటివాళ్లో," అన్నాడు వాడు.

గోడకు ఇవతల, మొగుడు చేసిన పెట్టెలో, మా భుజాల మీద అవ్వ వెళుతోంది.