ఎవరిదో సమాధి మీద

నేను ఒక బాతుగుడ్డు పెంకును. గుడ్డునని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. చెక్ దేశపు పల్లెటూళ్ళో వ్లాస్త అనే ముసలావిడ నా రెండు కొసలా సూదితో బెజ్జాలు పొడిచి, ఒకవైపు నుంచి ఊది, లోపలున్నదంతా గిన్నెలోకి దింపేసింది. ఆ పూట వాళ్ళింట్లో అట్టు పోసుకు తిన్నారు. మిగిలిన నన్ను కడిగి, కరిగించిన మైనంతో పూలు గీసి, ఉల్లిపొట్టు రంగులో ముంచింది. తినేసినదాన్ని మరిచిపోయి, పారెయ్యాల్సినదాన్ని ముద్దుచెయ్యడం మనుషులకే చెల్లింది.

ఈస్టరు ముందు నన్ను ప్రాగ్ నగరం సంతకు చేర్చారు. చెక్క కొట్లు, కొమ్మలకు కట్టిన రంగురంగుల రిబ్బన్లు, దాల్చినచెక్క వాసన, కాలు పెట్టడానికి చోటులేని జనం. వచ్చినవాళ్ళల్లా నన్ను ఎత్తి, చెవి దగ్గర ఊపి, మళ్ళీ పెట్టేవారు. ప్రతిసారీ నా పని అయిపోయిందనే అనుకున్నాను.

తెల్లవారితే ఈస్టరు అనగా, శనివారం మధ్యాహ్నం నన్ను పరంజ్యోతమ్మ కొన్నది. పాలకొల్లులో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పది రోజుల్లో ఆరు దేశాలు చూపించే టూరులో ఆడపడుచు సలోమితో వచ్చింది. ఈ టూరు కుదిర్చింది సలోమే. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్తున్న మనిషి, ఈస్టరు ఏటా ఒకే తేదీన రాదన్న సంగతి మరిచి, కిందటేడు తేదీ చూసుకుని బుక్ చేసింది.

ఈస్టరు సరిగ్గా టూరు మధ్యలో పడింది. అదే వచ్చిన చిక్కు. పరంజ్యోతమ్మ భర్త దేవసహాయం పోయి పదకొండేళ్ళు. వాళ్ళ ఊళ్ళో ఈస్టరునాడు తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు వెళ్ళి, తమవాళ్ళ సమాధుల మీద బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. ఆవిడ ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి తప్పబోతోంది.

ఇంటికెళ్ళాక ఆయన సమాధి మీద పెట్టాలని నన్ను మేజోళ్ళలో చుట్టి పెట్టెలో దాచింది. ఆ సాయంత్రం హోటల్లో ఆవిడకు కాలు నిలవలేదు. కిటికీ దగ్గరకు వెళ్తుంది, వస్తుంది, పెట్టె తెరుస్తుంది, మూస్తుంది. మూసినప్పుడల్లా నాకు పై ప్రాణాలు పైనే పోయేవి.

"పక్కింటి శాంతమ్మని పూలు పెట్టమని చెప్పొచ్చాం కదా వదినా. మా అన్నయ్యేం అనుకోడు," అంది సలోమి.

"వేరేవాళ్ళు పెడితే నేను పెట్టినట్టవుద్దా? ఇది ఇంకా రాలేదేంటా అని చూస్తా ఉంటారు."

"రేపు పొద్దున్న ఏడున్నరకల్లా బస్సు బయల్దేరుద్ది. ఎవరికోసమూ ఆగనన్నాడు ఆ టూరాయన."

"తెలుసమ్మా," అని పరంజ్యోతమ్మ మళ్ళీ పెట్టె తెరిచింది.

తెలతెలవారుతుండగా ఆవిడ తెల్లచీర మీద కోటు తొడుక్కుని, నన్ను చేతిసంచిలో వేసుకుని బయటపడింది. వస్తూ బస్సులోంచి చూసిన సమాధుల తోట హోటలుకి దగ్గరే. సలోమి సణుక్కుంటూనే వెంట నడిచింది. దారిలో పూలకొట్లన్నీ మూసి ఉన్నాయి. గేటు తీస్తున్న కావలాయన చీరల్ని చూసి, ఏమీ అడక్కుండా పక్కకు తప్పుకున్నాడు.

లోపల సమాధులన్నిటి మీదా పూలున్నాయి, గాజుబుడ్లలో దీపాలున్నాయి. ఒక్క నల్లరాతి సమాధి మాత్రం బోసిగా ఉంది. దానిమీది పేరు కూడబలుక్కుని చదవబోయి సలోమి మధ్యలోనే వదిలేసింది.

"పాపం, దీనికెవరూ లేరు," అని పరంజ్యోతమ్మ తేల్చేసింది.

కొవ్వొత్తి పాలకొల్లు నుంచే తెచ్చుకుంది గానీ అగ్గిపెట్టె లేదు. పక్క సమాధి దీపం మూత తీసి, "ఏవనుకోకండి" అని అందులో పడుకున్నవాళ్ళకు చెప్పి వెలిగించుకుంది. వదినా ఆడపడుచులు గొంతు తగ్గించి పాడారు. పాట అయ్యాక సంచిలోంచి నన్ను తీసి, కాసేపు అలాగే పట్టుకుంది.

"ఆయనకని పెడితే ఆయనకే చేరుద్ది," అని నన్ను పేరు కింద రాతికి ఆనించి, అప్పుడు ఏడ్చింది. సలోమి కాసేపు ఏడవనిచ్చి, టైము చూసి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ప్రాగ్ వీధిలో బస్సుకోసం పరుగెత్తారు.

ఆ రోజంతా గాలి. ఎటు దొర్లిపోతానో, ఏ కాకి పొడుస్తుందోనని ఒకటే బెంగ.

సోమవారం పొద్దున్న ఒక ముసలాయన నేరుగా నా దగ్గరికే వచ్చాడు. పూలు లేవు, చేతిలో లేతకొమ్మలు జడలా అల్లిన చిన్న కొరడా ఉంది. ఈ దేశంలో ఈస్టరు సోమవారం మగవాళ్ళు ఆడవాళ్ళను అలాంటి కొరడాతో సరదాగా తడతారు. తట్టించుకున్నావిడ బదులుగా రంగు వేసిన గుడ్డు ఇవ్వాలి. అలా తడితే ఏడాదంతా ఆరోగ్యంగా ఉంటారట.

ఆయన నల్లరాతిని మెల్లగా మూడుసార్లు తట్టాడు.

"వచ్చాను, మిలాడా," అని రాతిమీది పేరును పలకరించాడు. అప్పుడు నన్ను చూశాడు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. టోపీ తీసి, రాతి అంచున కూర్చుని, నన్ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒక్క గుడ్డు ఇవ్వడానికి ఆరేళ్ళు పట్టిందా నీకు?" అన్నాడు.

నన్ను పెట్టింది మిలాడా కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పి ఉండేదాన్ని కాదు.