బిల్లుకు పచ్చ కార్డు

మా రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో శాసనసభ మెట్లు ఎక్కుతుంటేనే నాకు భయమేసింది. తుఫాను రోజున కూడా ఇంత భయపడలేదు. తుఫానుకు నా పేరు తెలియదు కదా!

మా ఇంటికప్పు ఎగిరిపోయి రెండేళ్లయింది. టార్పాలిన్ కింద గోడలన్నీ బూజు పట్టి మా ఆయన నోరిస్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నష్టం అంచనాకని బీమా కంపెనీ ఒకరి తర్వాత ఒకరుగా ఐదుగురిని పంపింది. ఐదుగురూ అవే ఫొటోలు తీసుకుపోయారు, డబ్బు మాత్రం రాలేదు. కావాలనే తిప్పుతున్నారని దావా వేయడానికి మా లాయరు కాగితాలు సిద్ధం చేస్తుండగా శాసనసభలో ఈ బిల్లు వచ్చిపడింది. ఇకమీదట దావాకు ముందు కంపెనీకి అరవై రోజుల గడువు ఇవ్వాలట. ఆ గడువులో డబ్బు కట్టేస్తే, అంతకుముందు ఎన్నేళ్లు ఏడిపించినా అడగడానికి వీల్లేదట. మరి మా ఆయన ఊపిరికి ఎవరు జవాబు చెబుతారు? ఓటుకు ముందు శాసనసభ కమిటీ జనం మాట వింటుందంటే బయల్దేరాను.

"కమిటీ ముందు నా మాట కూడా నువ్వే చెప్పు, వెర్లీ. నాకు మూడు ముక్కలు మాట్లాడితే ఆయాసం," అన్నాడు నోరిస్ పొద్దున.

పక్కింటి యులిస్ కారులో తీసుకొచ్చాడు. "రొయ్యల బేరంలో అందరినీ ఏడిపించేదానివి, వీళ్లొక లెక్కా పెద్దమ్మా?" అన్నాడు. నవ్వబోయాను, నవ్వు రాలేదు.

అతను కారు నిలపడానికి వెళ్లాడు. లోపల బూడిదరంగు సూటు మనిషి ఎదురొచ్చాడు. అతన్ని నేనెన్నడూ చూడలేదు.

"ఆర్సెనో గారూ! నోరిస్ గారి దగ్గు తగ్గిందా? మీ బీమా కంపెనీ తరఫున వచ్చాను. వచ్చే నెల మీ పాలసీ మళ్లీ రాయాలి కదూ? మీ చిత్తడి బయూ పల్లెల్లో బీమా ఇంకెవరూ రాయడం లేదు, పాపం."

ఎంత మర్యాదో! ఇల్లు బ్యాంకు అప్పులో ఉంది, పాలసీ లేకపోతే మమ్మల్ని ఇంట్లో ఉండనివ్వరు.

మాట్లాడేవాళ్లు నింపాల్సిన కార్డులు బల్ల మీద ఉన్నాయి. బిల్లు కావాలంటే పచ్చది, వద్దంటే ఎర్రది. చూసుకోకుండా ఏదో లాగి పేరు రాసిచ్చేశాను. పచ్చది ఇచ్చానని కూర్చున్నాకగానీ తెలియలేదు. మార్చుకుందామని లేవబోతే, సూటు మనిషి నా వెనక వరుసలోనే ఉన్నాడు.

"వెర్లీ ఆర్సెనో, పచ్చ కార్డు," అని పిలిచాడు అధ్యక్షుడు. "ఏమ్మా, మీకు ఈ బిల్లు కావాలా?"

మైకు ముందు నిలబడ్డాను. పొరపాటైందండీ అంటే సరిపోయేది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కావాలండీ," అన్నాను.

అంతే, వచ్చి కూర్చున్నాను. బిల్లు కమిటీ దాటింది. లోపలికొచ్చి అంతా విన్న యులిస్ దారంతా రేడియో గట్టిగా పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నోరిస్ మంచం మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. "చెప్పావా?"

"అన్నీ చెప్పాను."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "సభ ఫోన్లో చూపించారే పిచ్చిదానా," అన్నాడు మెల్లగా. "భయమేసింది కదూ? నేనైనా అదే చేసేవాణ్ణిలే."

తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.