అసిరమ్మ అడ్డపొగ

"షుగరుందా? బీపీ? కిడ్నీ జబ్బు? ఇంతకుముందు పక్షవాతం ఏమైనా?"

డాక్టరు ఒక్కొక్కటే అడుగుతూ కాగితం మీద రాసుకుంటున్నాడు. భార్య అసిరమ్మ తరఫున పోర్టు గుమాస్తా గురునాథరావే జవాబులు చెబుతున్నాడు. వచ్చే వారం మద్రాసులో ఆమెకు గుండె బైపాస్. ఇలాంటివి ఉన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు ఎక్కువనీ, ఏదీ దాచొద్దనీ డాక్టరు ముందే చెప్పాడు.

"పొగ అలవాటు... ఆడవాళ్లు కదా, లేదని రాసేస్తాను."

గురునాథరావు నోరు తెరిచాడు. అసిరమ్మ అతని మోచెయ్యి గిల్లింది. డాక్టరు 'లేదు' అని రాసేశాడు.

పద్మనాభంలో పుట్టిన అసిరమ్మ చిన్నప్పటినుంచీ అడ్డపొగ తాగుతుంది. వాళ్లమ్మ లాగే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. పెళ్లయి పోర్టు క్వార్టర్స్‌కి వచ్చాక పెరటి తలుపేసుకుని తాగుతోంది, అంతే తేడా.

"అదేటి పెద్ద జబ్బా? మా అమ్మకి ఎనబయ్యేళ్లు," అంది మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి.

గురునాథరావుకి పాలుపోలేదు. చెబితే ఆపరేషన్ ఆగిపోతుందేమో. ఈ నెల్లోనే రెండుసార్లు నొప్పి వచ్చింది. చెప్పకపోతే? రెండడుగులు వేశాడు, ఆగాడు. చివరికి ఆమెను బస్టాపు బల్ల మీద కూర్చోబెట్టి మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాడు.

"రోజుకెన్ని?" డాక్టరు కలం కింద పెట్టాడు.

"నాలుగండీ. ఐదు."

"ఆపరేషనయ్యాక ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుపోతుంది, శ్వాస అందదు. ఆపరేషన్ వాయిదా వేసి, రెండు నెలలు చుట్ట మాన్పించండి."

"ఈలోగా ఆవిడ గుండే ఆగిపోతే?"

"ఆ భయమూ ఉంది. మందులు రాస్తాను."

అసిరమ్మ భగ్గుమంది. "నా పరువు తీసీసినావు గదా! నాను బతికితే నీతో మాటాడను." అన్నట్టే మాట్లాడలేదు. చుట్ట మాత్రం మానేసింది. మూడో వారం నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, తానే చంపేస్తున్నానని గురునాథరావు తల బాదుకున్నాడు. ఆ గండం గడిచింది.

రెండు నెలలకి మద్రాసులో ఆపరేషన్ జరిగింది. అయినా కఫం పట్టి, జ్వరం వచ్చి, పదకొండు రోజులు ఆయాసపడి లేచింది.

"చుట్ట మాన్పించకుండా అప్పుడే చేసుంటే ఈ బాధ తప్పేదా? లేక ప్రాణమే పోయేదా?" గురునాథరావు సర్జన్ని అడిగాడు.

"అది ఎవరూ చెప్పలేరండీ."

తిరుగు రైల్లో అసిరమ్మ మొదటిసారి నోరు విప్పింది. "నాను సస్తే నీకు ఏడవడం కూడా రాదు."

అది కోపమో, ముద్దో ఎంత ఆలోచించినా తేలక, గురునాథరావు ఆమె భుజం మీద దుప్పటి సర్దుతూ కూర్చున్నాడు.