మొదటి మేకు

లారీ నిండా రేకులెక్కాయి. మనుషులకు చోటు లేదన్నాడు డ్రైవరు.

"మరి మా సంగతేంటి?" అంది ఒక కూలీ ఆమె, నెత్తిమీది గిన్నెల మూట దించకుండానే.

"నాకేం తెలుసు తల్లీ? రేకులు గోడౌన్లో దించేసి రమ్మన్నారు. మనుషుల మాట ఎత్తలేదు."

"గోడౌనేంటి? కొత్త సైటుకి కదా!"

"కొత్త సైటులో వేరే ముఠా ఎప్పుడో దిగిపోయింది. మీకు చెప్పలేదా?"

లారీ కదిలిపోయింది. దాని దుమ్ములో నిలబడి అందరూ మేస్త్రీ వైపు చూశారు.

చూడరా మరి? ఆ పనివాళ్ళలో ఒక పద్ధతుంది. కట్టడం పూర్తయ్యాక తాము ఉన్న రేకుల షెడ్లు తామే విప్పుకుంటారు. మొదటి మేకు మేస్త్రీ తన షెడ్డుకే పీకాలి. అతను పీకాడంటే ఇంకోచోట నీడ ఖాయమైందనే లెక్క. ఇక ఎవరూ ఏమీ అడగరు, ఎవరి సుత్తి వాళ్ళు అందుకుంటారు. ఇన్నేళ్ళలో ఆ మేకు ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆ పొద్దున బిల్డరు వచ్చి, మేస్త్రీ భుజంమీద చెయ్యేసి, "కొత్త చోట షెడ్లకి నేల చదును చేయించేశాను, నన్ను నమ్ము" అన్నాడు. భుజంమీద పెద్దవాళ్ళ చెయ్యి పడితే చాలు, ఇట్టే కరిగిపోతాం మనం. మేస్త్రీ కరిగిపోయి, తన షెడ్డు మేకు పీకేశాడు. షెడ్లు విప్పేసిన చోట అప్పుడే పచ్చగడ్డి పరుస్తున్నారు.

ఫోన్ చేస్తే బిల్డరు ఎత్తలేదు.

మేస్త్రీ కూతురు పచ్చి బాలింత. బిడ్డను పైటలో దాచుకుని ప్రహరీగోడకు ఆనుకుని కూర్చుంది. ఆ గోడ ఆమె తండ్రి కట్టిందే, నీడ మాత్రం అవతలివైపు పడుతోంది. ఆమె తండ్రిని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది మేస్త్రీకి.

ఆ తర్వాత వాళ్ళ బతుకు రోడ్డున పడింది. బస్టాపులో కూర్చుంటే ప్రయాణికులకు ఇబ్బందన్నారు. పార్కులో నడుం వాలిస్తే నీళ్ళ పైపు తిప్పారు. వంతెన కిందికి పోతే పోలీసులు లాఠీలతో లేపారు. అద్దెగదులు అడగబోతే, బిడ్డనూ మూటలనూ చూసి తలుపులు మూసుకున్నారు. వాన పట్టుకుంది. పసిబిడ్డకు దగ్గు మొదలైంది. బిడ్డ దగ్గినప్పుడల్లా మేస్త్రీ మొహం తిప్పుకునేవాడు.

ఒక తెల్లవారుజామున, వాళ్ళలో ఒకడైన పెయింటరు తల్లి లేవలేదు. తడిసిన దుప్పట్లో కొయ్యబారిపోయి ఉంది. పెయింటరు ఏడవలేదు. అమ్మ కాళ్ళు పట్టుకుని చాలాసేపు రుద్దాడు, వెచ్చబడతాయేమోనని.

ఆమెను మట్టిచేసి వచ్చాక శ్మశానం గేటు దగ్గరే అందరూ కూలబడ్డారు. సమావేశమని ఎవరూ పిలవలేదు. వెళ్ళడానికి చోటు లేక జరిగిన సమావేశం అది. షెడ్లలో ఉన్నప్పుడు పిల్లలకు చదువు చెప్పిన కాలేజీ విద్యార్థులు కూడా వచ్చారు.

"నా వల్లే పోయింది మీ అమ్మ," అన్నాడు మేస్త్రీ. "మేకు పీకింది నేనే."

"మరి బోర్డు చెరిపిందెవరు బాబాయ్?" అన్నాడు పెయింటరు. "నేను కాదూ?"

వాళ్ళు కట్టిన భవనం గేటు పక్కన పునాదుల నాటినుంచీ ఒక బోర్డుండేది. వెనకవరస గదులు ఇల్లులేని పేదలకు తక్కువ అద్దెకిస్తామని దానిమీద రాసుంది. ఆ మాట ఇచ్చినందుకే బిల్డరుకు అదనపు అంతస్తులు కట్టుకునే అనుమతి దొరికింది. అంతస్తులు లేచాయి, మాట మాత్రం పడుకుంది. 'అతిథి గదులు' అని మార్చి రాయమంటే పెయింటరు రాశాడు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నాడు వాడు. నేను పొంగిపోయా. మా అమ్మ ఉండాల్సిన గది నా కుంచెతోనే తుడిచేశాను!"

"అయితే ఆ గదుల్లోకే పోదాం," అంది గిన్నెల మూట ఆమె.

"పోలీసులొస్తారే పిచ్చిదానా!" అని కసిరాడు మొగుడు.

"ఇప్పుడు రావట్లేదా? పడుకున్నచోటికల్లా వాళ్ళే కదా వచ్చి లేపుతున్నది! అదేదో గోడల మధ్య పడుకుని లేద్దాం."

"మేమూ వస్తాం," అంది ఒక విద్యార్థిని. "మా హాస్టలు కూడా అమ్మేశారు. ఇక చదువు మానుకోవాల్సిందే."

"మేస్త్రీ ఏమంటాడు?" అన్నారెవరో.

"నన్నడక్కండి. ఒకసారి అన్నందుకు చాలదా?"

పెయింటరు లేచాడు. "నువ్వు పీకడం ఒక తప్పు, మేం అడక్కపోవడం ఇంకో తప్పు. ఇకమీదట ఒకడు పీకితే అందరూ పీకేది లేదు. అందరం కూర్చుని తేల్చుకున్నాకే ఏదైనా. పోదామా, వద్దా? చెప్పండి!"

చేతులు లేచాయి. ముందు ఆడవాళ్ళవి, తర్వాత సిగ్గుపడి మగవాళ్ళవి.

పట్టపగలే ఆ భవనం గేటులోకి నడిచారు. వాచ్‌మన్ అడ్డం రాబోయి, బిడ్డ దగ్గు విని పక్కకు తప్పుకున్నాడు. వెనకవరస గదులకు ఇంకా తలుపులు బిగించలేదు, చెక్క ద్వారబంధాలే ఉన్నాయి. వాటికి చీరలు, దుప్పట్లు మేకులతో కొట్టారు. పెయింటరు బోర్డు గీకి పాతమాట మళ్ళీ రాశాడు. విద్యార్థులు వీధివీధీ తిరిగి కరపత్రాలు పంచారు. వంతెనల కిందివాళ్ళూ, అద్దెలు కట్టలేక వెళ్ళగొట్టబడ్డవాళ్ళూ గేటు బయట గుమిగూడారు.

బిల్డరు పోలీసులతో వచ్చాడు. తిన్నగా మేస్త్రీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ భుజంమీద చెయ్యేశాడు.

"మీ పద్ధతి నాకు తెలుసుగా. నువ్వు ఆ పరదా మేకు పీకు చాలు, మిగతావి వాటంతటవే ఊడతాయి. నీకూ నీ కూతురికీ ఇక్కడే గదిస్తా. బిడ్డను పెద్దాసుపత్రిలో చూపిస్తా."

లోపల బిడ్డ దగ్గింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో మేస్త్రీ మనసు ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది కూడా.

"వీళ్ళందరికీ ఇస్తారా సార్?"

"ఊరందరికీ ఇళ్ళివ్వడానికి నాకేమన్నా పిచ్చా?"

మేస్త్రీ పరదా పక్కన నిలబడ్డ కూతురి మొహంలోకి చూశాడు. షెడ్డు విప్పిన రోజు నోరెత్తని పిల్ల అప్పుడు నోరెత్తింది.

"ఈసారి మమ్మల్నడిగి పీకు నాన్నా."

మేస్త్రీ భుజాన్ని ఆ చేతికింది నుంచి తప్పించాడు. సుత్తి తీసుకున్నాడు. అతను జేబులోంచి పెద్ద మేకు తీసి, ద్వారబంధం పై చెక్కకు ఆనించి, బలం కొద్దీ దిగ్గొట్టాడు.

"ఉయ్యాల కట్టమ్మా," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు సైగ చేశాడు. పోలీసులు మేస్త్రీని జుట్టు పట్టి ఈడ్చారు. లాఠీ దెబ్బకు నుదురు చిట్లింది. అడ్డుపడ్డ పెయింటర్నీ జీపులోకి తోశారు.

"మిగతావాళ్ళని గదులు ఖాళీ చెయ్యమని మీరే చెప్పండి, మిమ్మల్ని వదిలేస్తాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒకరు చెబితే అందరూ రావడం, పోవడం అయిపోయింది సార్," అన్నాడు మేస్త్రీ, కంట్లోకి కారే నెత్తురు తుడుచుకుంటూ.

కింద పడ్డ సుత్తిని కూతురు తీసుకుంది. ఒక చేత్తో బిడ్డను పొదువుకుని, ఆ మేకు పక్కనే ఇంకో మేకు కొట్టింది. పక్కగదిలో మరో సుత్తి లేచింది. ఆ పక్కన ఇంకోటి. సుత్తి లేనివాళ్ళు ఇటుకరాళ్ళతో కొట్టారు. గేటు బయటి జనం ఇనుప ఊచలమీద రాళ్ళతో అందుకున్నారు.

జీపు ఆ జనంలోంచి దారి చేసుకోలేక ఆగిపోయింది. మేస్త్రీ కళ్ళు మూసుకుని, ఆ చప్పుళ్ళలో తన సుత్తి ఏదా అని వెతుక్కున్నాడు. పోల్చుకోలేకపోయాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.