తాడు లాగితే జైలే

ట్రాము దగ్గరికి వస్తుంటే దీనమ్మకి ముందు నవ్వొచ్చింది. రెండంటే రెండు పెట్టెలు. కూత లేదు, గార్డు లేడు, పచ్చజెండా లేదు. సైకిలు బెల్లులాంటిది టింగుమనిపించుకుంటూ వచ్చి, ఎర్రలైటు పడగానే కార్ల పక్కన బుద్ధిగా నిలబడింది.

"ఇదా మీ నాన్న పొగిడిన రైలు? మా తెనాలి ప్యాసింజరు దీన్ని చూస్తే మూతి తిప్పుకుంటుంది."

"ట్రెయిన్ కాదు మమ్మీ, ట్రాలీ. త్వరగా ఎక్కు. టూకి ఇంటర్వ్యూ!"

పదహారేళ్ళ లూసీకి శాన్ హోసేలో ఒక లైబ్రరీలో వేసవి ఉద్యోగం దొరికేలా ఉంది. ఒక్కతే వెళ్తానంది. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదైతే మాత్రం, అమెరికా అయితే మాత్రం, ఆడపిల్ల ఊళ్ళు దాటి ఒంటరిగా పోతుందా? దీనమ్మ చెప్పులేసుకుని వెంటపడింది.

లోపల టికెట్టు చూపించమని అడిగే దిక్కే లేదు. అంటే దొంగలందరూ దీన్లోనే తిరుగుతుంటారన్నమాట. చెవులకి పాటల డిప్పలు తగిలించుకున్న కుర్రాడి జేబులో కత్తి ఉండే ఉంటుంది. ఎదురుగా కళ్ళు మూసుకున్న ముసలాయన చచ్చిపోయాడేమోనని రెండుసార్లు వంగి చూసింది. సంచి ఒళ్ళో బిగించి, "ప్రభువా, ఈ డొక్కు డబ్బాలో నా పిల్లని కాపాడు" అనుకుంది.

"నెక్స్ట్ మన స్టాప్," అంటూ లూసీ కిటికీ పైన వేలాడే పసుపు తాడు వైపు చెయ్యెత్తింది.

దీనమ్మ ఆ చేతిని గబుక్కున ఒడిసిపట్టింది. "గొలుసు లాగుతావా! జైల్లో వేస్తారే!"

"మమ్మీ, అది లాగితేనే ఆగుతుంది!"

"నోర్ముయ్. మా మేనమామ కావలి దగ్గర లాగి ఆరునెలలు కోర్టు చుట్టూ తిరిగాడు."

స్టాపులో ఎక్కేవాళ్ళు లేరు. దిగుతామని ఎవరూ తాడు లాగలేదు. ట్రాము ఆగకుండా పోయింది. లూసీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో చచ్చిపోయాడనుకున్న ముసలాయన లేచి, తాడు లాగి, టోపీ సర్దుకుని వచ్చే స్టాపులో దిగిపోయాడు. పోలీసులెవరూ రాలేదు.

వాళ్ళూ అక్కడే దిగి ఎండలో వెనక్కి పరిగెత్తారు. "పొద్దుటినుంచి నత్తలా పాకి, మన స్టాపు దగ్గరే దీనికి ఊపొచ్చింది!" అని దీనమ్మ రొప్పుతూ తిట్టింది. లూసీ వెనక్కి తిరిగి చూడలేదు.

లైబ్రరీ చేరేసరికి రెండూ ఇరవై. బల్ల వెనక కళ్ళజోడు ఆవిడ గడియారం చూసి, "ట్రాలీ లేటా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అవునంటే చాలు, తప్పంతా ఆ బండి మీదికి పోతుంది. కానీ వేళకి రాని బండెక్కి వచ్చే పిల్లని ఈవిడ పనిలో పెట్టుకుంటుందా? పక్కన లూసీ తల వంచుకుని నిలబడింది. దీనమ్మ ఆముదం మింగినట్టు ముఖం పెట్టింది.

"నో. ట్రాలీ గుడ్. హర్ హ్యాండ్, ఐ హోల్డ్. మై మిస్టేక్."

ఆవిడ తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది. "టుమారో, టూ ఓ క్లాక్," అంది. "బై హర్‌సెల్ఫ్."

బయటికి వచ్చాక లూసీ ఆశగా తల్లి ముఖంలోకి చూసింది. పట్టాలు తప్పడం, కత్తులు, తెలియని ఊళ్ళో చీకటి పడటం, అన్నీ దీనమ్మ కళ్ళ ముందు ఒక్కసారిగా తిరిగాయి.

"ఒంటిగంటకే ఎక్కు," అంది చివరికి. "ఆ ముష్టి బండి దారిలో ఎక్కడ కునుకు తీస్తుందో ఏమో."