నా కడుపులో కుళ్ళు

నేను ఒక నీలం డ్రమ్మును. ఏదో ఫ్యాక్టరీ అచ్చులోంచి బయటపడి, చీరాలలో హైమవతి ఇంటికి మంచినీళ్ళ డ్రమ్ముగా వచ్చాను. కుళాయి వచ్చే వేళకు ఇంటిల్లిపాదీ నా చుట్టూ తిరిగేవారు. మేడమీద ట్యాంకు కట్టగానే నన్ను పెరట్లోకి నెట్టారు. తర్వాత ఒళ్ళంతా చిల్లులు పొడిచి, వంటింటి చెత్త నింపడం మొదలుపెట్టారు.

అదంతా కూరగాయల మడి కోసమట. హైమవతి కూలిన ప్రహరీ ఇటుకలు పేర్చింది, రాళ్ళు ఏరింది, నేల గుల్లచేసి నా కడుపులో మాగిన ఎరువు తోడి పోసింది. ఆ ఇంటి రెండో భాగంలో తోడికోడలు వసుమతి కాపురం. కూరల తొక్కలూ టీ పిప్పీ ఇద్దరూ నాలోనే వేసేవారు.

మడిలో వంగ, టమాటా విరగకాశాయి. చూడవచ్చిన వాళ్ళు ముక్కు మూసుకుని నన్ను దాటి, మడి దగ్గర నోరు తెరిచేవారు. "నీ చెయ్యి మంచిదే హైమా!" అనేవారు. పేరు ఆమెకూ మడికీ, కంపు నాకూ. అసూయపడేవాళ్ళను మనుషులు కుళ్ళుబోతులంటారు. కుళ్ళడమే పనిగా బతికే నన్ను ఇంకేమనాలి?

నాకు తోడు మరొకరున్నారని త్వరలోనే తెలిసింది. ఆ రోజు అత్తగారి భోజనం వసుమతి వంతు. పెరటి వసారాలో కూర్చుని ఆవిడ లొట్టలు వేసింది. "ఎంత లేత వంకాయలే! హైమవతి పంటంటే పంటే." కూర వండి వడ్డిస్తున్న వసుమతి గరిటె ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆమె తొక్కలన్నీ వీధిలో చెత్తబండికి వెళ్ళాయి. నాకు సగం కడుపే నిండేది. ఎరువు చాలక మడిలో ఆకులు పాలిపోయాయి. నాకు లోలోపల పండగే!

ఓ సాయంత్రం హైమవతి ఖాళీ బకెట్టుతో వసుమతి పెరటి గుమ్మంలో నిలబడింది.

"తొక్కలెయ్యడం మానేశావేం వసూ?"

"నీ మడికి నా తొక్కలెందుకులే అక్కా. మెచ్చుకోళ్ళు నీకూ, పిప్పి నాదీనా?"

 హైమవతి బకెట్టు కింద పెట్టింది.

"నువ్వొచ్చిన కాణ్ణుంచీ పిల్లలందరూ నీ వంటకే ఎగబడతన్నారు. నా కూర బాగుందని ఒక్కరన్నా అన్నారా? ఈ మడన్నా నాదనిపించుకుందామని నీ పేరెత్తలేదు. తెలిసే ఎత్తలేదు."

వసుమతి తెల్లబోయింది. తనను చూసి కూడా ఒకరు ఏడుస్తారని ఆమెకెప్పుడూ తోచలేదు.

"అయితే సగం మడి నాకిస్తావా?"

"ఇస్తా. ఎండ తగిలే సగం మాత్రం నాది."

ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. నాకే నవ్వు రాలేదు.

ఇప్పుడు నా అడుగు పగిలిపోయింది. పాతసామాన్ల బండి కోసం గోడవార బోర్లించారు. మడిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కలుపు తీస్తున్నారు, ఎవరి కాకర ముందు పూసిందా అని ఓరకంట చూసుకుంటూనే. మూడు నెలలుగా నా చోట నల్లటి కొత్త డ్రమ్ము నిలబడి ఉంది. ఇందాక వసుమతి దాని మూత తీసి, పిడికెడు ఎరువు వాసన చూసి, "ఎంత బాగా మాగిందో చూడక్కా!" అంది.

ఇన్నేళ్ళలో నా ఎరువు చూసి ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు.