రామనారాయణ నవ్విన ఫోటో

2009 ఫిబ్రవరి పంతొమ్మిది. పప్పుచారు, వంకాయ కూర, నేతిలో తడిసిన రెండు ఓళిగలు. సీతారామపురం పెళ్ళిలో ఆ రోజు తిన్నది కూడా రమణయ్యకు గుర్తుంది. తీసిన ఫోటోలే కంప్యూటర్‌లో కనబడడం లేదు. పెళ్ళికూతురి తండ్రి పేరుతో ఫోల్డర్ ఉంది. తెరిస్తే ఖాళీ.

ఆత్మకూరు బస్టాండు వెనక స్టూడియో అది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆనాటి పెళ్ళికూతురు చెంచులక్ష్మే కూర్చుని ఉంది. తండ్రి రామనారాయణ పోయి ఇది తొమ్మిదో రోజు. ఎల్లుండి పెద్దకర్మకు ఫోటో కావాలని తొలి బస్సుకు వచ్చింది.

"ఆల్బం చెమ్మకు అట్ట కట్టుకోని పొయ్యిందన్నా. ఫోన్లో తీద్దామంటే ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టేవోడు. ఇంక ఆధార్ కార్డే ఉండాది. దాంట్లో ఉండేది మా నాయన గాదు, యాడో పట్టుబడిన దొంగ."

నవ్వబోయి ఆగింది.

రమణయ్యకు అరవై ఒకటి. తెరవైపు చూసి చూసి మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ఏడాదిగా కుడి చూపుడువేలు సన్నగా వణుకుతోంది. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే: "వంటింట్లో చెంబు వసారాలో పెడితే వంటింట్లో ఉంటాదా? ఒకే డ్రైవ్‌లో మౌస్‌తో లాగితే అంతే, ఫోటో చోటు మారిపోతాది. పెన్‌డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవతాది, ఇక్కడిది ఇక్కడే ఉంటాది."

పోయిన నెల పాత పెళ్ళిళ్ళను ఏడాదివారీగా సర్దింది ఆయనే. ఫోటోలన్నీ కలిపి లాగుతుండగా వేలు వణికి, దారిలో ఏ ఫోల్డర్‌లోనో జారవిడిచి ఉంటాడు. చూసుకోలేదు.

యజమాని ఆనందకుమార్ చెవి దగ్గరికి వంగాడు. "డిస్కు పొయ్యిందని చెప్పి పంపించన్నా. మన చేతి తప్పని చెప్పబాక, షాపు పేరు పోతాది."

రమణయ్య కుర్చీని ఆమెవైపు తిప్పాడు. "తప్పు నాదేనమ్మా. ఫోటోలు యాడికీ పోలేదు, ఈ కంప్యూటర్‌లోనే ఏదో గదిలో పెట్టి మరిచినా. నీ బస్సు నాలుగున్నరకు గదా? ఈలోపల తీసిస్తా."

"ఎతుకన్నా. నాకేంది, ఈడ ఫ్యానన్నా ఉండాది."

పేరుతో వెతికితే లాభం లేదు, కెమెరా ప్రతి పెళ్ళికీ అవే నంబర్లు వేసింది. తేదీతో వెతుకుదామంటే ఆ పాత కెమెరాలో తేదీ ఏనాడూ సరిగా లేదు. మిగిలింది ఒక్కటే దారి. మొదటి ఫోల్డర్ తెరిచాడు, చూశాడు, మూశాడు. రెండోది తెరిచాడు. ఉదయగిరి నిశ్చితార్థాలు, కొండాపురం గృహప్రవేశాలు, సోమశిల గట్టుమీద ఎండకు కళ్ళు చికిలించిన కొత్త జంటలు. బతుకంతా ఊళ్ళవాళ్ళ శుభకార్యాల్లోనే గడిచింది, ఒక్క ఫోటోలోనూ తను లేడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఆనందకుమార్ టేబుల్ ఫ్యాను ఆయనవైపు తిప్పి, వచ్చిన గిరాకీ తనే చూసుకున్నాడు.

మూడుముప్పావుకు, ఎవరిదో బారసాల ఫోల్డర్‌లో, ఉయ్యాల ఫోటోల కింద కొబ్బరాకుల పందిరి కనబడింది. దాని కింద రామనారాయణ. తెల్ల తలపాగా, బుగ్గలమీదికి పాకిన మీసం, నోరంతా తెరిచిన నవ్వు.

చెంచులక్ష్మి లేచి వచ్చింది. చాలాసేపు చూసింది. "ఇట్టా నవ్వంగా నేనెప్పుడూ చూళ్ళేదన్నా. ఎందుకు నవ్వినాడో."

"మా ఇంటిది నవ్వించిందమ్మా. లైటు పట్టుకునేది తనే. మీ నాయన బిగుసుకోని నిలబడుంటే, 'పెదనాయనా, ఆ మీసం కింద నోరుండాదా, లేదా?' అనింది."

"ఆయమ్మ బాగుండాదా?"

"పొయ్యి ఆరేండ్లయింది."

తర్వాతి ఫోటోలో అంచున పక్కకు వాలిన లైటు, దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆకుపచ్చ గాజులు. అది ఆయన భార్య రమణి చెయ్యి. తనూ నవ్వడంతో లైటు కదిలిపోయింది. పనికిరాదని అప్పట్లో ఆల్బంలో వెయ్యలేదు.

చెంచులక్ష్మి ఆ గాజులవైపు వేలు చూపింది. "ఇదీ పెట్టన్నా. ఇది లేకుంటే అది లేదు గదా."

రమణయ్య ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టి, రెండు ఫోటోలనూ మెల్లగా పెన్‌డ్రైవ్ దాకా లాగి వదిలాడు. అవి అక్కడికీ చేరాయి, ఇక్కడా నిలిచాయి. పెన్‌డ్రైవ్ ఆమెకిచ్చి, నవ్విన ఫోటోకు పెద్ద ప్రింటు తీసి గొట్టంలా చుట్టి అందించాడు. దాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని ఆమె బస్సుకు పరుగెత్తింది.

మిగతా ఫోటోలన్నీ వాటి ఫోల్డర్‌లోకి చేర్చి, రెండుసార్లు సరిచూసి లేచేసరికి వీధిలైట్లు వెలిగాయి.

"అబ్బయా, రేపట్నించి ఇంకో మనిషిని చూసుకో."

"దొరికినాయి గదన్నా! ఇంకేంది?"

"ఆయమ్మ ఎదురుగా కూర్చోనుంది కాబట్టి దొరికినాయి. అడిగేదానికి ఎవరూ రానివి ఎన్ని పోగొడతానో ఎవురికి తెలుసు? ఈ చెయ్యి ఇంక నమ్మేదానికి లేదు."

రమణయ్య చెప్పులేసుకుని, మలుపు దాకా వెనక్కి తిరక్కుండా నడిచి వెళ్ళిపోయాడు.

రోజూ దడాలున లాగే షట్టరును ఆనందకుమార్ ఆ పూట రెండు చేతులతో పట్టి, చప్పుడు కాకుండా కిందికి దించాడు. సగం దించాక లోపల టేబుల్‌మీద కనబడింది: రమణయ్య దగ్గరుండే, నల్లదారం కట్టిన షాపు తాళంచెవి, ముప్పై ఏళ్ళ చేతి రాపిడికి అంచులు నున్నబడినది.